గడపకు పోసే ఫినాయిల్

మా ఆయన బతికున్నప్పుడు సాయంత్రం మనిషికంటే ముందు ఫినాయిల్ వాసన ఇంట్లోకి వచ్చేది. బీదర్‌లో ఒక బడిలో గదులు తుడిచేవాడు, సండాసులు కడిగేవాడు.

"ఆడ్నే ఉండు, తానం చేసినంకనే లోపలికి రా" అని అరిచేదాన్ని.

"గీ వాసనే మనకు బువ్వ పెడుతుంది. దానికే ముక్కు మూస్తవా, మహారాణీ?" అని నవ్వేవాడు.

ఆయన పోయాక ఆ పని నాకిచ్చారు. మొదటి పొద్దున ఫినాయిల్ డబ్బా మూత తీశాను, అంతే, ఆయన వచ్చి పక్కన నిలబడ్డట్టయింది. చాలాసేపు మూత పెట్టబుద్ధి కాలేదు.

ఆయనకొక పద్ధతి ఉండేది. నీళ్లు కలిపి గదంతా తుడిచాక, గడప దగ్గర నీళ్లు కలపనిది ఒక మూతెడు పోసేవాడు. పంతుళ్ల ముక్కుకు తగిలితేనే తుడిచినట్టు లెక్క. బండలు ఎంత మెరిసినా, వాసన లేకపోతే "ఇయ్యాల ఎగ్గొట్టినవా ఏంది?" అనేవాళ్లు. నేనూ అట్లాగే పోసేదాన్ని. పంతుళ్ల కోసం కొంత, నా కోసం కొంత. మూత వంచి, కాసేపు అక్కడే వంగి ఉండేదాన్ని.

ఈ ఏడు ఒకటో తరగతిలో ఆయాసమున్న పిల్ల ఒకతె చేరింది. గదిలో అడుగుపెట్టగానే దగ్గు. ఒకరోజు పెద్ద టీచరమ్మ నన్ను పిలిచి ఒక సీసా చూపించింది.

"ఇది వాసన లేని సబ్బునీళ్లమ్మా. ఫినాయిల్ ఘాటు ఆ పిల్లకు పడదని డాక్టర్ చెప్పిండు. పని చేసేది నువ్వు. ఏమంటవ్?"

"గింత పల్చగున్నది, దీనికి మురికి పోతదా?" అన్నాను.

వరండాలో పప్పు ఒలికి ఎండిపోయిన చోట తుడిచి చూడమంది. తుడిచాను. పోయింది. పోకుంటే బాగుండునని మనసులో ఉంది.

"వాసన రాకుంటే తుడవలేదంటరు, టీచరమ్మా."

"ఎవరంటరో నా దగ్గరికి పంపు."

ఇంకేం సాకు చెప్పాలా అని చూస్తుంటే, ఆ పిల్ల గది బయట బ్యాగు ఒళ్లో పెట్టుకొని కూర్చొని ఉంది. "అవ్వా, వాసన పోయిందా? లోపలికి రావాల్నా?" అంది.

"రేపటి సంది అన్ని గదులకు ఇదే వాడుత" అని సీసా తీసుకున్నాను.

ఇంటికొచ్చి సంగతి చెబితే మా బిడ్డ అంది, "ఒక ఫినాయిల్ సీసా ఇంట్ల పెట్టుకోరాదే అమ్మా" అని. పెట్టుకొని చూశాను. ఇంట్లో అది ఉత్త ఫినాయిలే. తడి బండ, ఇంకా పిల్లలు రాని బడి, చేతిలో బండలు తుడిచే పోచా, అవన్నీ ఉంటేనే ఆయన వచ్చేవాడు.

మర్నాడు ఒకటో తరగతి గది కొత్త నీళ్లతో తుడిచాను. గడప దగ్గర వంగాను. ఉత్త తడి వాసన. ఇంకా కిందికి వంగాను. లేడు.

పిల్ల వచ్చి, నా పక్కనుంచే గడప దాటి లోపల కూర్చుంది.

"తుడిచినవా అవ్వా? ఏం వాసన వస్తలేదు."

"తుడిచిన బిడ్డా" అన్నాను. బకెట్ ఎత్తుకొని పక్క గదికి పోయాను.