పన్నెండో రొయ్య

మా ప్రొద్దుటూరులో జీపు స్టార్టయిన చప్పుడు వింటే ఆడవాళ్ళు పొయ్యి మీది కూర దించేసి వాకిట్లోకి పరుగెత్తే కాలం అది. ఎవరు ఏ పార్టీలో ఉన్నారో పొద్దున పేపరు చూసి తెలుసుకోవాలి, ఎవరికి ఎవరు పగో మాత్రం పుట్టుకతోనే తెలిసేది. ఆ రోజుల్లో నేను మేనమామ ఇంట్లో ఉండి జువాలజీ డిగ్రీ చదువుతుండేదాన్ని. (చదువు కంటే వాదన ఎక్కువ అని అత్త అనేది. గిట్టనివాళ్ళు అనేకం అంటారు.)

మామ ఒక పార్టీకి ఊళ్ళో పెద్దదిక్కు. ఎవరో అభిమాని బెంగళూరు నుంచి తెచ్చిచ్చిన అద్దాల తొట్టిని హాల్లో పెట్టించి, నీటిమొక్కలు నాటించి మురిసిపోయాడు. నెల తిరిగేసరికి ఆకులకూ అద్దాలకూ పాచి పట్టి, అది తొట్టో గోంగూర పప్పో తెలియకుండా పోయింది. నేను ఊరుకుంటానా? కాలేజీ వాళ్ళతో జమ్మలమడుగు వైపు పోయినప్పుడు కాలువలో గోరంత రొయ్యలు పన్నెండు పట్టి తెచ్చి వదిలాను. పాచే వాటి అన్నం. గిల్లి గిల్లి తిని పది రోజుల్లో ఆకుల్ని కడిగినట్టు చేశాయి. మామ వచ్చినవాళ్ళందరికీ చూపించి, "మా పన్నెండు మంది కార్యకర్తలప్పా. పని చేస్తారు, పదవి అడగరు" అనేవాడు.

ఒక ఆదివారం పొద్దున తొట్టి అడుగున మూడు రొయ్యలు తెల్లగా, కదలకుండా పడున్నాయి. ముందు చూసింది జీపు తోలే మీసాలాయన. మామకిచ్చే మంచినీళ్ళయినా తానొక గుక్క తాగి చూసి గానీ ఇవ్వని మనిషి.

"అన్నా! నీళ్ళల్లో మందు కలిపినారన్నా! నిన్న పెండ్లి పత్రిక ఇచ్చేకి వచ్చినోడు శానాసేపు ఈడనే నిలబడె. ఈ పొద్దు రొయ్యలు, రేపు నువ్వు!"

ఆ వచ్చినాయన పులివెందులలో ఉండే అవతలి పార్టీ మనిషి, మాకు వరసకు చుట్టం. (పగ ఎంతున్నా పత్రిక మాత్రం చేతికే ఇవ్వాలి, అది మా వైపు మర్యాద.) ఐదు నిమిషాల్లో ఎనిమిది మంది పోగయ్యారు. జీపు స్టార్టయింది. అది వాకిలి దాటితే ఎవరింట్లో ఏడుపు వినాలో అందరికీ తెలుసు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"యాడికి పోతాండారు? అవి సచ్చిన రొయ్యలు కాదు, ఉత్త పెంకులు! పాము కుబుసం విడిచినట్టు రొయ్య పెంకు విడుస్తాది. మీరు కండువా మారిస్తే లేని తప్పు, అది పెంకు మారిస్తే వచ్చిందా?"

మామ కండువా మార్చి రెండు నెలలు కూడా కాలేదు. మీసాలాయన గుడ్లురిమాడు.

"అట్లయితే పెంకు విడిచిన రొయ్య యాడుందో చూపీ పాపా."

అక్కడే చిక్కు. పెంకు విడిచిన రొయ్య ఒళ్ళు మెత్తగా ఉంటుంది. గట్టిపడేదాకా మొక్కల్లో దాక్కుంటుంది. "పన్నెండూ ఉంటే నా మాట నిజం. లెక్కపెట్టండి!" అన్నాను. మామ నన్నొక చూపు చూసి, "ఇంజను ఆపుర్రా" అన్నాడు.

ప్రాణాలకు తెగించిన ఎనిమిది మంది మగవాళ్ళు తొట్టి ముందు గొంతుక్కూర్చున్నారు.

"ఏడు."

"యాడప్పా ఏడు? దాన్ని ఇందాకనే లెక్కపెట్నావు."

"అది వేరేదప్పా. ఇది రోంత లావు."

"కదలగాకండ్రా, భయపడతాండాయి!"

పదకొండు దగ్గర లెక్క ఆగింది. అత్త అందరికీ ఉగ్గాని పెట్టింది. మీసాలాయన ప్లేటు పట్టుకునే మొక్కల్లోకి తొంగి చూస్తూ, "రా నాయనా, నిన్నెవరూ ఏమనరు" అని బతిమాలాడు. ఇంకొకాయన, అది ఆడదో మగదో ఎట్లా చెప్తారని నన్నడిగాడు. ఎండ నడినెత్తికి వచ్చాక మామ వేలు చాచి, "అదో, పన్నెండు" అన్నాడు. తొట్టిలో గాలి బుడగలు వదిలే మోటారు వెనక, కొత్త పెంకుతో మెరుస్తూ! ఎన్నిక గెలిచినట్టు కేకలు వేశారు. ఆ పెండ్లికి మేమంతా అదే జీపులో పోయి భోంచేసి వచ్చాం.

లెక్చరర్నయ్యాక ప్రతి బ్యాచికీ ఈ కథ చెప్పాను, విజ్ఞానంతో ఫ్యాక్షన్ ఆపిన ఘనురాలిని నేనేనని. మామ పోయిన ఇన్నేళ్ళకు, మొన్న అత్త చింతపండు గింజ తీస్తూ అంది: "పన్నెండోది మీ మామకు ఉగ్గాని తినకముందే కనపడిందమ్మీ. వాళ్ళ నెత్తురు చల్లబడనీలే అని నోరు మూసుకోనుండె."

జువాలజీలో ఫస్ట్ క్లాసు నాకు. ఆ పూటంతా ఆ అద్దానికి ముక్కు ఆనించి రొయ్యను వెతికానే గానీ, పక్కనే కూర్చున్న మామ ముఖం ఒక్కసారి చూడాలని తోచనే లేదు.