పాలల్లో కలిపిన మందు

సెల్‌ఫోన్లు ఇంటింటికీ వస్తున్న రోజులు. పాండిచ్చేరి గోరిమేడులో ఉంటూ పత్రికలో పనిచేసేవాణ్ణి. మా అమ్మకు కడుపులో పుండని డాక్టరు క్యాప్సూళ్ళు రాశాడు. అవి అమ్మ గొంతు దిగేవి కావు. నా భార్య సరోజ రోజూ పొద్దున్నే క్యాప్సూల్ విప్పి, లోపలి తెల్లటి పూసల్ని మెత్తగా నూరి, పాలల్లో కలిపి తాగించేది. నొప్పి తగ్గలేదు. ఒకరోజు అమ్మ నెత్తురు కక్కుకుంది.

ఆసుపత్రిలో, మందు రాసిన డాక్టరే ఎలా ఇచ్చారని అడిగితే సరోజ ఉన్నదున్నట్టు చెప్పింది.

“అయ్యో, నూరకూడదమ్మా! ఆ పూసలకు పాలిమర్ పూత ఉంటుంది. కడుపులో యాసిడ్‌కు అది కరగదు, పేగులోకి పోయాకే కరుగుతుంది. పూత పోతే ఆ యాసిడే మందును పాడుచేస్తుంది.”

పక్కనున్న మా చెల్లెలు అందుకుంది. “ఏంది వదినా, ఇన్నాళ్ళూ మాయమ్మకు ఉత్త పాలు తాపితివా?”

“నూరొద్దని నాకెవరు చెప్పినారు?” అంది సరోజ. డాక్టరు చీటీలోకి తల దించుకున్నాడు.

అమ్మ బతికింది. ముందే చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకపోతే కొంప ఎలా కూలుతుందో నా ఇంట్లోనే చూశాను. ఆ తర్వాత అమ్మ సరోజ చేత్తో ఏమిచ్చినా ముట్టలేదు. నోరెండిపోతున్నా, మంచినీళ్ళకు సైతం చెల్లెలు వచ్చేదాకా కాచుకునేది.