మూల ఇంటి పచ్చిక ఎందుకు మాడింది

మూల ఇంటి పళ్ళ డాక్టరమ్మగారి పచ్చిక మీద కుడి వరస తోటమాలి మిషనాయన ఉప్పు చల్లాడని మన వీధిలో పుట్టిన మాట ఇంకా అక్కడక్కడా తిరుగుతూనే ఉంది. అది అబద్ధం. నేను కూడా ఆ మాటను రెండిళ్ళకు మోసినదాన్నే కాబట్టి దించే పనీ నాదే. అయితే ముందు కత్తెరాయన సంగతి చెప్పాలి.

కత్తెరాయన మన వీధిలో ఎడమ వరస ఇళ్ళన్నిటికీ తోటపని చేస్తాడు. ఇరవై రెండేళ్ళయింది. గొంతుక్కూర్చుని, పెద్ద కత్తెరతో పచ్చిక అంచులు కత్తిరిస్తూ గేటు నుంచి గోడ దాకా బాతులా జరుగుతాడు కాబట్టి ఆ పేరు. వానలు పడే రోజుల్లో గడ్డిని మరీ పొట్టిగా కోయమంటే కోయడు. చలి మొదలవగానే నీళ్ళు తగ్గించేస్తాడు, మనం గొట్టం పట్టుకుంటే లాక్కుంటాడు. ఎండలు ముదరకముందే మట్టీ, చివికిన పశువుల ఎరువూ కలిపి జల్లించి, చంటిపిల్లకు పౌడరు రాసినట్టు పలచగా పరుస్తాడు. నేల గట్టిపడితే ఇనుప పళ్ళకర్రతో పొడిచి, “దానికీ ఊపిరాడాలిగా పెద్దమ్మా” అంటాడు. తుంగ ఒక్క మొలక కనబడిందంటే ఆ పూట మనిషికి మనశ్శాంతి ఉండదు.

మిషనాయన ఆయన తోడల్లుడే, తమ్ముడనే పిలుస్తాడు. అక్కాచెల్లెళ్ళను చేసుకున్నారు. ఏడేళ్ళ కిందట చేస్తున్న పని పోయి వస్తే ఈయనే చేరదీసి, కత్తెర పట్టడం నేర్పి, కుడి వరస ఇళ్ళు అప్పజెప్పాడు. ఆ తమ్ముడు రెండేళ్ళు తిరిగేసరికి గడ్డి కోసే మిషను కొన్నాడు. ఇక చూడండి. అటు మిషను బుర్రుమంటే ఇటు కత్తెర టకటకలు రెట్టింపయ్యేవి.

“అది కోయడం కాదు పెద్దమ్మా, గుండు గీయడం.”

“మరి పచ్చగా ఉందిగా?”

“పైపైన పచ్చ. వేళ్ళనడగండి, చెబుతాయి.”

“వేళ్ళతో నాకు మాటల్లేవు నాయనా. కళ్ళకు కనబడేది చెబుతున్నాను.”

ఓసారి ఎదురింటి ముందు చెప్పు తెగినవాడిలా కూర్చుని, వాళ్ళ గడ్డి పక్కన జాన పెట్టి ఎత్తు కొలుచుకోవడం కిటికీలోంచి చూశాను. చెప్పు నిక్షేపంలా ఉంది.

నిజం చెప్పొద్దూ, మంట నాకూ ఉండేది. ఎదురింటావిడ పొద్దున్నే చెప్పులు విడిచి తన పచ్చిక మీద నడుస్తుంటే ఇక్కడ నా అరికాళ్ళు భగ్గుమనేవి. ఆ మంటంతా తెచ్చి కత్తెరాయన నెత్తిన పోసేదాన్ని. “మీ తమ్ముడు ఏం వేస్తాడో కాస్త కనుక్కో” అనేదాన్ని. డాక్టరమ్మగారిదీ అదే పాట. ఆయన మెడ వంచుకుని, అప్పటికే తిన్నగా ఉన్న అంచును మళ్ళీ కత్తిరించేవాడు.

వానలు వెనకబడ్డ రోజులు. ఒక సోమవారం పొద్దున చూస్తే డాక్టరమ్మగారి పచ్చిక చారలు చారలుగా మాడిపోయి ఉంది. అంతకుముందు సాయంత్రం మిషనాయన ఆ గేటులోంచి బయటికి రావడం చూసినవాళ్ళున్నారు. చంకలో ఏదో ఉందట. అంతే, మధ్యాహ్నానికల్లా ఆ ఏదో కాస్తా ఉప్పు మూట అయి కూర్చుంది.

“మట్టి జల్లించుకోవడానికి అన్నయ్య జల్లెడ పట్టుకెళ్ళాను. అన్నయ్యకు తెలుసు” అన్నాడతను అందరి ముందూ. “చెప్పన్నయ్యా.”

అన్నయ్య నేలచూపులు చూస్తూ ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడంతోనే సాయంత్రానికి మూడిళ్ళవాళ్ళు మిషనాయనను గేటు దాటి రావద్దన్నారు. మిగతావాళ్ళు ఆదివారం కూర్చుని తేల్చుకుంటామన్నారు. ఈ వీధి పోతే అతనికి వేరే ఆధారం లేదు. ఇంట్లో చదువుకునే పిల్లలిద్దరు.

తెలుసుకోకపోతే నాకు ముద్ద దిగదు కదా. పన్ను నొప్పని చెప్పి మూల ఇంటికి వెళ్ళాను. ఆవిడ చూసి నిజంగానే ఒకటి పుచ్చిందంది, దాని గోల ఇప్పుడెందుకు. వస్తూ వస్తూ పచ్చిక దగ్గర వంగాను. మాడిన చారలు చెయ్యి విసిరినట్టు వంపు తిరిగి ఉన్నాయి. ఉప్పయితే తడి తగిలిన చోట కూడా గడ్డి చావాలి. కానీ కారే కుళాయి చుట్టూ మూరెడు మేర ఎన్నడూ లేనంత ముదురు పచ్చగా, ఏపుగా ఉంది. సిమెంటు బాట సందులో తెల్లటి గుండ్రటి పూసలు దొరికాయి. యూరియా. నీళ్ళు అందితే గడ్డికి బలం, అందకపోతే నిప్పు. ఈ ముక్క నాకు నేర్పింది కత్తెరాయనే. యూరియా డబ్బా ఉండేది డాక్టరమ్మగారి కారు షెడ్డులో. ఆవిడ కాక ఆ షెడ్డు తాళంచెవి ఉన్నది ఒక్క కత్తెరాయన జేబులోనే.

శనివారం మా గేటు దగ్గర ఆయన అంచు కత్తిరిస్తుంటే పీట తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను.

“యూరియా చల్లింది నువ్వేనా?”

కత్తెర ఆగింది.

“ఆదివారం సాయంత్రం, తమ్ముడు జల్లెడ తీసుకుని వెళ్ళాక, బాగా మబ్బు పట్టింది పెద్దమ్మా. గంటలో కురుస్తుందిలే అని గొట్టం తీయలేదు. గుప్పెడు చల్లాల్సిన చోట రెండు గుప్పెళ్ళు చల్లాను. ఆ వాన పక్క వీధిలో కురిసి పోయింది.”

“అతని గడ్డిని మించాలనా?”

తలూపాడు.

“సరే, చెయ్యి తప్పింది. నోటికేమొచ్చింది? రేపు అతని పొట్ట కొడుతుంటే చూస్తూ కూర్చుంటావా?”

కత్తెర మూసి గడ్డి మీద పెట్టాడు.

“అయిదేళ్ళ నుంచి మా ఆవిడ నాకు వడ్డిస్తూ వాళ్ళ చెల్లెలి మొగుడి మాటే చెబుతుంది పెద్దమ్మా. అతని మిషను, అతని గడ్డి, అతని తెలివి. సోమవారం నుంచి ఆ ఊసు లేదు. ‘పాపం, మీ కష్టమంతా బూడిద చేశాడు’ అని అడక్కుండానే ఇంకాస్త వడ్డిస్తోంది. రేపు పొద్దున్నే డాక్టరమ్మగారికి నేనే చెబుతాను. వాడి కాళ్ళయినా పట్టుకుంటాను. ఈ ఒక్క పూటా నన్ను ఇంటికెళ్ళి భోంచేయనివ్వండి.”