ఈదని ముక్క

మొన్న నెల్లూరులో ఒక పెళ్లి భోజనాల దగ్గర చేపల పులుసు వద్దని చెయ్యి అడ్డం పెడితే, పక్కన కూర్చున్న డాక్టరు నన్ను తెగ మెచ్చుకున్నాడు. మైపాడు తీరంలో పుట్టి ఎనభైకి దగ్గరపడినవాడు ఆకులూ కాయలూ తిని బతకడం ఆయనకు వింతగా తోచింది. మెచ్చుకుంటే ఊరుకునే మనిషిని కాను నేను. ఎండను నాచు తింటుంది, నాచును చిన్నచేప, చిన్నచేపను పెద్దచేప, దాన్ని మనం. ఇన్ని నోళ్లు మారేసరికి ఎండలోని సత్తువంతా దారిలోనే ఖర్చయిపోతుంది, అందుకే మధ్యవాళ్లను వదిలేసి నేరుగా ఆకు దగ్గరకే వెళ్లిపోయానని చెప్పాను. సముద్రం మీద జాలితో మానేశానని కూడా కలిపాను. ఆయన చేతిలో ముద్ద ఆపి విన్నాడు.

జాలి అబద్ధం. మా తీరానికి మేత ఫ్యాక్టరీ వ్యానును మొదట పిలిపించింది నేనే. అంతకుముందు వలలో పడిన నెత్తళ్లను మా అక్క ఇసుకలో ఎండబెట్టేది, కాకుల్ని తోలుతూ, మబ్బు పడితే తిట్టుకుంటూ. ఆ చిన్నచేపలే వీధి మొత్తానికి కూర. వ్యాను వచ్చాక ఆ బాధ లేదు. తడిగానే ఎత్తుకుపోయి, పొడి చేసి, సోయా పిండిలో కలిపి రొయ్యల గుంటలకు వేస్తారు. ఆ రొయ్యలు ఓడలెక్కి పోతాయి. ఖాళీ ఇసుకలో నిలబడి మా అక్క ఒకటే అడిగింది.

“చిన్నదంతా ఊడ్చి పంపిస్తే పెద్దచేప ఏం తింటాదిరా? మనమేం తినాల?”

“నీకు యాపారం తెలీదులే అక్కా,” అన్నాను.

కొన్నేళ్లకు పెద్దచేప రావడం తగ్గింది, తర్వాత చిన్నదీ తగ్గింది. వీధంతా పప్పుకీ వంకాయకీ దిగింది. దాన్నే నేను పెళ్లిళ్లలో సిద్ధాంతంగా చెప్పుకుంటున్నాను.

అక్క మంచాన పడి, నోటికి ఏదీ పోక, నెత్తళ్ల పులుసు అడిగింది. పడవ పడవకీ తిరిగి పోట్లాడానని చాలామందికి చెప్పాను. పోట్లాడలేదు. దొరికిన కాస్తా వ్యానులోకే పోతుంటే చూసి, అడగడానికి మొహం చెల్లక తిరిగొచ్చాను. అరటికాయను సన్నగా చీల్చి, మామిడికాయ, మెంతిపొడి వేసి పులుసు కాచి తీసుకెళ్లి, నెత్తళ్లేనని చెప్పి పెట్టాను. అక్కకు చూపు ఆనదు కదా అని నా ధైర్యం. ఒక ముద్ద నమిలింది.

“ఇది ఈదిన ముక్క కాదులేరా,” అంది. “నువ్వు చేసినావు గాబట్టి తింటా.”

రెండో ముద్ద మింగలేకపోయింది. నాలుగో రోజు పోయింది. ఇంత వయసొచ్చేదాకా ఎంతమందినో నమ్మించాను. నిజంగా చెల్లవలసిన ఒక్క అబద్ధం ఆ పూట చెల్లలేదు, ఇంకెన్నేళ్లు బతికినా దాన్ని మళ్లీ చెప్పే పూట నాకు రాదు.