ఎల్లమ్మ కోసం పాలమూరు పల్లెలో రికార్డు చేసిన కథ

ఎల్లమ్మ మా బడికి వచ్చి వర్షాకాలమంతా గడిచింది, నోరు మాత్రం విప్పలేదు. ఈ ప్రయాణం మొదలైంది అందుకే. నగరంలో చూపులేని ఆడపిల్లల కోసం నడిచే ఒక చిన్న బడిలో నేను పంతులమ్మను. అమ్మవారు పోసి కళ్ళు పోయిన ఈ పిల్లను, దేవరకద్ర దగ్గరి పల్లె నుంచి వాళ్ళ నాయిన తెచ్చి మా దగ్గర విడిచి, మళ్ళీ గొర్రెల వెంట వెళ్ళిపోయాడు. మొదటి రోజు ఆమె ఏదో అడిగితే తోటి పిల్లలు ఆ యాసకు నవ్వారు. అంతే, మాట ఆగిపోయింది. నాది కృష్ణా జిల్లా కాబట్టి నేను చదివే కథలూ ఆమెకు పరాయివిగానే ఉండేవి. చేత్తో తడిమి చదివే చుక్కల అచ్చులో తెలుగు పుస్తకం మాకు ఒక్కటీ లేదు. వాళ్ళ ఊరి పిల్లల గొంతుతోనే కథ వినిపిస్తే ఎలా ఉంటుందని నాకు తోచింది.

గ్రామఫోన్ల దుకాణం నడిపే మా తమ్ముడు ఒక యంత్రం ఇచ్చాడు. కీ తిప్పే మామూలు గ్రామఫోనే, కానీ దానికి ఒక గరాటా, పదునైన సూది అదనంగా ఉన్నాయి. గరాటాలోకి గట్టిగా మాట్లాడితే సూది మెత్తటి లోహపు పళ్ళెం మీద ఆ మాటను గీస్తుంది. ఒక్కో పళ్ళేనికి మూడు నిమిషాల మాట పడుతుంది. అతని దగ్గర రెండు ఖాళీ పళ్ళేలే మిగిలాయి.

కాచిగూడలో పొద్దున బండి ఎక్కితే మధ్యాహ్నానికి దేవరకద్రలో దిగవచ్చు. మూడో తరగతి టికెట్టు రూపాయి చిల్లర. షాద్‌నగర్ దాటాక చేలు తగ్గి గుండ్లు, గుట్టలు మొదలవుతాయి. సీతాఫలాల కాలం కావడంతో ప్రతి స్టేషనులోనూ ఆడవాళ్ళు గంపలతో కిటికీల దగ్గరికి వచ్చారు. అవే కొని తిన్నాను, తిండికి వేరే ఖర్చు పెట్టలేదు. స్టేషను బయట ఎద్దుబండి కిరాయికి దొరికింది. బండి తోలే మల్లయ్యది అదే ఊరు.

"గా పెట్టెల ఏమున్నదమ్మా?" అన్నాడు.

"మాటలు పట్టుకునే యంత్రం. పట్టుకుని మళ్ళీ వినిపిస్తుంది."

"గట్లయితె మా దొర ముంగట పెట్టకు తల్లీ. ఆయన మాటలు ఒక్కపారి ఇంటెనే సాలు మాకు."

ఎల్లమ్మ పేరు చెప్పగానే అతను ఎద్దులను ఆపి వెనక్కి తిరిగాడు. "మా ఎంకయ్య బిడ్డనా? మంచిగున్నదా? ఊళ్ళె ఉన్నప్పుడు నోరు మూసేది గాదు. ఆడ గూడ గట్లనే మాట్లాడుతాందా?"

"అన్నం బాగానే తింటోంది," అన్నాను. మల్లయ్య ఎద్దులను అదిలించాడు. దారంతా నాకు ఆ ప్రశ్నే చెవిలో ఉండిపోయింది.

ఊళ్ళో తెలుగు బడి, సర్కారు అనుమతి రాకముందే, ఒక ఇంటి వసారాలో నడుస్తోంది. పంతులు రంగయ్య గారు ముసలాయన, భయస్తుడు. "సర్కారు ఇజాజత్ ఇంకా రాలేదమ్మా. జర తలుపు దగ్గరికేస్త," అంటూనే పిల్లలను కూర్చోబెట్టారు. వాచకంలో పాఠం చదివిద్దామన్నది ఆయన పట్టుదల. పిల్లలు అలవాటైన రాగంతో అందరూ ఒక్కసారిగా అందుకున్నారు. తిప్పి వింటే తేనెటీగల మోత తప్ప ఒక్క అక్షరం తెలియలేదు. ఒక పళ్ళెం అలా పోయింది.

అప్పుడు నేను పిల్లల మధ్య నేల మీద కూర్చుని, ఇది ఎల్లమ్మ కోసమని చెప్పాను. ముందు వరుసలోని బాలమ్మ అనే పిల్ల లేచి నిలబడింది.

"మా ఎల్లి ఇంటదా దీంట్ల?"

"వింటుంది."

"అయితె పుస్తకం వద్దు పంతులూ. దానికి ఎలుగ్గొడ్డు కథంటె పాణం."

రంగయ్య గారు నా వైపు చూశారు. నేను తలూపాను. బాలమ్మ గరాటాలో దాదాపు మొహం పెట్టేసింది. "ఎల్లీ, ఇంటున్నవా? నేను బాలిని. మన గుట్ట లేదా, గా గుట్ట మీదికి ఒక అవ్వ సీతాఫలాలకు పోయింది." ఎలుగ్గొడ్డు అడ్డం వచ్చింది, పండ్లన్నీ తనకే కావాలంది. గింజ ఉమ్మకుండా, మింగకుండా తింటే గంప నీదే అని అవ్వ పందెం కాసింది. ఎలుగ్గొడ్డు పండు నోట్లో పెట్టుకున్నదో లేదో, సూది పళ్ళెం చివరికి వచ్చేసింది. బాలమ్మ చెబుతూనే ఉంది. ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపాల్సి వచ్చింది.

"ఇంగ సగమే అయింది! సగం కథ ఇంటె దానికి నిద్ర పడతదా?" అని ఏడ్చేసింది. మిగతా కథ నాకు చెప్పమని అడిగేలోపే ఇంటికి పరుగెత్తింది. ఆ రాత్రి రంగయ్య గారింట్లో జొన్నరొట్టె పెట్టారు. మర్నాడు ఆ సగం కథను పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బండెక్కాను.

బడిలో పిల్లలందరినీ కూర్చోబెట్టి పళ్ళెం తిప్పాను. "ఎల్లీ, ఇంటున్నవా?" అనగానే ఎల్లమ్మ చేతులు నేల మీద వెతుక్కుంటూ పెట్టె వైపు జరిగాయి. వెళ్ళి గరాటా అంచు పట్టుకుంది. మాట ఆగిపోగానే మిగతా పిల్లలు నా మీద పడ్డారు. "తర్వాత ఏమైంది పంతులమ్మా? ఎలుగ్గొడ్డు ఏం చేసింది?" నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

"ఏం జేస్తది," అంది ఎల్లమ్మ.

పిల్లలంతా ఆ గొంతు వైపు తిరిగారు.

"నోరు నిండ గింజలే. ఉమ్మరాదు, మింగరాదు, అరువరాదు. అవ్వ గంప నెత్తిన పెట్టుకొని ఇంటికి పోయింది. అది ఇంగ ఆడనే కూసున్నది."

పిల్లలు విరగబడి నవ్వారు. ఒక పిల్ల దగ్గరికి జరిగి, "ఎలుగ్గొడ్డంటే ఎలుగుబంటేనా? ఇంకో కథ వచ్చా నీకు?" అని అడిగింది. వచ్చట. భోజనం గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

పళ్ళెం ఇప్పుడు అరిగిపోయింది, తిప్పినకొద్దీ బాలమ్మ గొంతు మసకబారుతోంది. దాన్ని చూసి నేను మొదట బాధపడ్డాను. కానీ సాయంత్రం పూట కథ చెప్పమని పిల్లలు ఇప్పుడు పెట్టె దగ్గరికి పోరు, ఎల్లమ్మ పక్కన చేరుతారు. కథ పూర్తిగా పట్టి ఉంటే ఆమె విని ఊరుకునేదేమో, నాకు తెలియదు. దారి, టికెట్టు వివరాలు పైన రాశాను, ఆ తోవలో ఇబ్బందేమీ లేదు. మీరు కూడా యంత్రంతో ఏ బడికైనా వెళ్తే ఒక్క పని చేయండి. ఏం చదవాలో పిల్లలకు తర్వాత చెప్పవచ్చు, వినేది ఎవరో ముందు పేరు పెట్టి చెప్పండి.