రెండు కిలోల సీసం

మా మరిదిని ఇంట్లో అందరూ పిల్లి అంటారు. అసలు పేరు కాలుగాలిన పిల్లి. రోజుకి వందసార్లు అంత పొడుగు పేరు పిలవలేక మా అత్తగారు దాన్ని పిల్లి దగ్గర ఆపేశారు. నేను కోడలిగా వచ్చేనాటికి వాడికి పదకొండేళ్లు. భోజనానికి కూర్చుంటే మూడు ముద్దలకోసారి లేచి కిటికీలోంచి తొంగిచూసి వచ్చేవాడు. వీధిలో ఏముందిరా అంటే, ఏమీ లేదనేవాడు. పెద్దయ్యాక ఉద్యోగాలూ అంతే. బట్టల కొట్లో నాలుగు నెలలు, ప్రెస్సులో ఆరు వారాలు, లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సరిగ్గా పన్నెండు రోజులు. ఎవరూ పొమ్మనలేదు. వాడికే ఒకచోట అరికాలు ఆనదు.

అలాంటివాడు చివరికి ఏ పనిలో చేరాడనుకున్నారు? కదలకుండా ఉంటేనే జీతమిచ్చే పనిలో. అదీ నీళ్లలో.

మా ఊరికి తాగునీళ్లిచ్చే రిజర్వాయరులో, పన్నెండు మీటర్ల లోతున, నీళ్లు పైపుల్లోకి వెళ్లేచోట ఇనప చువ్వల జాలీలుంటాయి. వాటికి పట్టిన నాచు గీకి, ఎక్కడైనా చువ్వ తుప్పుపట్టిందేమో వీడియో తీసుకురావడం డైవర్ల పని. నాది ఒడ్డున గాలి గదిలో పని. కంప్రెసర్‌తో సిలిండర్లలో గాలి నింపుతాను, గాలి నింపితే మనిషిని తేల్చే జాకెట్లు కడిగి ఆరేస్తాను, ఎవరి సామాను వాళ్ల బల్లమీద అమర్చిపెడతాను. పదమూడేళ్లుగా చేస్తున్నాను. నన్ను గాలమ్మ అంటారు. అంటే అన్నారు, గాలి లేకుండా దిగమనండి చూద్దాం!

మా ఆయన కూడా డైవరే, నాలుగేళ్ల క్రితం వరకు. ఒకరోజు పని ముగించి వస్తూ, మధ్యలో కాసేపు ఆగాల్సినచోట ఆగలేక ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చేశారు. ప్రాణం దక్కింది, ఎడమ చెవి పోయింది. తల తిరుగుడు మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు గేటు పక్క గదిలో కూర్చుని కుడి చెవితో ఫోన్లు తీస్తారు. ఎలా జరిగిందండీ అని ఎవరడిగినా ఒకటే మాట చెప్పారు. "గాలి అయిపోవచ్చేసరికి సిలిండర్ తేలికైపోయింది. అదే లాక్కొచ్చేసింది."

ఆ మాట నాకు బాగా ఎక్కింది. ఎందుకెక్కదు? నిండు సిలిండరూ ఖాళీ సిలిండరూ రోజూ ఎత్తేది నేనే. రెంటికీ తేడా రెండు కిలోలు పైమాటే.

పిల్లి చేరి మూడో నెల. అది పరీక్ష నెల. శుక్రవారం ఇంజనీరు వస్తాడు. ఆయన ఎదుట పిల్లి దిగి, అడుగున ఉన్న బురదకి మూరెడు ఎత్తున గాల్లో వేలాడినట్టు నీళ్లలో నిలబడి, ఇరవై చువ్వలూ వరుసగా వీడియో తీయాలి. కాలు బురదకి తగిలిందా, నీళ్లన్నీ టీ డికాషనే, కెమెరాలో ఏమీ కనపడదు. నెగ్గితే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఇంటికి. "వదినా, ఈ పనొక్కటి పోకూడదు. నీళ్లలో ఉన్నంతసేపూ నాకు ఇంకెక్కడికీ వెళ్లాలనిపించదు" అన్నాడు ఒకరోజు. వాడి నోట అలాంటి మాట నేను మొదటిసారి విన్నాను.

కానీ దిగితే చాలు, లిఫ్టే. అడుగుకి వెళ్లి బురద లేపుతాడు. కంగారుపడి జాకెట్‌లోకి గాలి కొడతాడు. రెండు మీటర్లు పైకి లేస్తాడు. మళ్లీ గాలి వదిలేస్తాడు, మళ్లీ బురదలో. అందరి సిలిండర్లూ సగం మిగిలి వస్తే వాడిది బోసిపోయి వచ్చేది.

"వదినా, ఈ సామానే ఏదో బరువుగా ఉంది" అన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. సామాను మీద పడి ఏడవకు" అన్నాను. ఎంత ధైర్యం నాకు!

ఎందుకంటే ఆ సామానులో ఏముందో నాకు తెలుసు. నోట్లో నువ్వుగింజ నానదని పేరున్న నేను రెండు నెలలపాటు కడుపులో దాచుకున్న సంగతి ఇది. నీళ్లలోకి దిగడానికి పిల్లి నడుముకి ఆరు కిలోల సీసం బిళ్లలు కట్టాలని పెద్దాయన మొదటి వారమే ఈత కొలనులో చూసి రాసిచ్చాడు. పెద్దాయనంటే డైవర్లందరికీ పని నేర్పినవాడు. ఆరు సరే. కానీ సిలిండర్ చివర్లో తేలికైపోతుందే? వాళ్లన్న చెవి అలాగే కదా పోయింది? అందుకని వాడి సిలిండర్ పట్టీకున్న చిన్న సంచిలో, వీపు వెనక వాడికి కనపడకుండా, ఇంకో రెండు కిలోల సీసం పెట్టేశాను. పైకి తన్నుకురాకుండా పట్టి ఉంచుతుందని. రోజూ పెట్టేదాన్ని, సాయంత్రం తీసి డబ్బాలో వేసేదాన్ని. పెట్టాకగాని నా ప్రాణం కుదుటపడేది కాదు.

బుధవారం పెద్దాయన నా బల్ల దగ్గరే పిల్లిని నిలబెట్టి చెడామడా వాయించాడు.

"నీ ఆరు కిలోలు నేను ఊరికే రాయలేదురా. కొలనులో సిలిండర్ ఖాళీ అయ్యేదాకా ఆగి, అప్పుడు నిన్ను తేల్చి చూసి రాశాను. చివర్లో తేలికయ్యేది కూడా అందులోనే ఉంది. నువ్వేమో ఎనిమిది కట్టుకున్నవాడిలా తిరుగుతున్నావు! సీసం ఎక్కువైతే ఏమవుతుంది? మునుగుతావు. మునుగుతున్నానని జాకెట్ నిండా గాలి కొడతావు. కాస్త పైకి రాగానే ఆ గాలి ఉబ్బి నిన్ను ఇంకా పైకి లేపుతుంది. భయపడి వదిలేస్తావు, రాయిలా దిగుతావు. ఆరు కిలోలవాడికి ఈ తిప్పలన్నీ ఎందుకు?"

"నాకేం తెలుసు పెద్దాయనా?" అన్నాడు పిల్లి ఏడుపు గొంతుతో.

"జాకెట్‌లోకి గాలి కొట్టే బటన్ మీంచి చెయ్యి తియ్యి. ఊపిరితో తేలాలి. పీల్చు, మూడు లెక్కపెట్టు, అప్పుడు లేస్తావు. వెంటనే లేవలేదని కంగారుపడితే ఎలా? వదులు, మూడు లెక్కపెట్టు, దిగుతావు. నీకు ఆ మూడు అంకెల ఓపిక కూడా లేదు!"

నా చేతిలో ఉన్న గొట్టం జారి కిందపడింది. ఎనిమిది అని సరిగ్గా అన్నాడు చూడండి. ఓపిక లేనిది వాడికి కాదు, నాకు! వాడు మునగకూడదని కొట్టుకుంటుంటే పట్టి ముంచుతున్నదాన్ని నేనే. కొరివితో తల గోక్కోవడం అంటారే, నేను వాడి తల గోకాను.

అప్పుడే చెప్పేయాల్సింది. గొట్టం తీసి చుట్టుకుంటూ ఉండిపోయాను. చెబితే ముందు నా పని పోతుంది. పైగా, సిగ్గు విడిచి చెబుతున్నాను, లోపల ఇంకా భయమే. తీసేస్తే లేచిపోతాడేమో? ఆ రెండు రోజులూ నిద్ర లేదు, తిండి లేదు. పొయ్యిమీద పాలు పెట్టి గేటు దాకా వెళ్లి వచ్చాను. కూర్చుంటే లేవాలి, లేస్తే తిరగాలి. మా అత్తగారు చూసి చూసి, "ఇంట్లో ఒక పిల్లి చాలదనా?" అన్నారు.

శుక్రవారం పొద్దున ఎవరూ రాకముందే వచ్చి, ఆ రెండు కిలోల బిళ్లలూ సంచిలో పెట్టకుండా డబ్బాలోనే ఉంచేశాను. ఎవరికీ తెలియదు, వాడు నెగ్గుతాడు, కథ కంచికి. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఒక పావుగంట.

పది గంటలకి రేవు చెక్కల మీద ఇంజనీరు, పెద్దాయన, మిగతా డైవర్లు. పిల్లి సామానంతా తగిలించుకుని కాళ్లు నీళ్లలోకి వేలాడేసి కూర్చున్నాడు. వేళ్లమీద ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు. సిలిండర్ తిప్పి చూసే వంకతో వంగాను.

"వదినా, ఈసారి కంఠతా పట్టేశా" అన్నాడు మెల్లగా. "ఐదు మీటర్ల దగ్గర బటన్ మీద నాలుగు నొక్కులు, అడుగున ఇంకో ఐదు. రెండు నెలల నుంచి లెక్క రాసుకున్నా. తొమ్మిది నొక్కులు కొడితే నిలబడతా. చూస్తుండు."

తొమ్మిది నొక్కులు ఎనిమిది కిలోలకి! ఇవాళ వాడి ఒంటిమీద ఆరే ఉన్నాయి. తొమ్మిది నొక్కితే వాడు నిలబడడు. పన్నెండు మీటర్ల నుంచి వాళ్లన్న వచ్చినట్టే వస్తాడు. వాడు ముసుగు సర్దుకుని ముందుకి వంగుతున్నాడు.

"ఆగు! దూకకు!"

జాకెట్ మెడ పట్టుకుని వెనక్కి లాగేశాను. వాడు వెల్లకిలా నా కాళ్లమీద పడ్డాడు.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు ఇంజనీరు.

చెప్పేశాను. నిలబడి, అందరిముందూ, మొదటి రోజు నుంచి. ఎక్కడ పెట్టానో, ఎందుకు పెట్టానో, పొద్దున ఎలా తీసేశానో. సగంలో ఏడుపొచ్చింది, ఏడుస్తూనే చెప్పాను. పెద్దాయన మొహం కందగడ్డలా అయింది.

"పదమూడేళ్లు చేశావు చెల్లెమ్మా. డైవర్‌కి చెప్పకుండా వాడి బరువు ముట్టుకోవచ్చా? ఇవాళ చంపేసేదానివి."

"అవును పెద్దాయనా" అన్నాను.

పిల్లి నావంక చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా పడేదాన్ని. "అయితే మద్దెలే ఓడన్నమాట" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెద్దాయన వాణ్ని ఒడ్డునే నీళ్లలోకి దింపి, జాకెట్‌లో నిండు సిలిండర్ బరువుకి సరిపడా కాస్త గాలే ఉంచి, కళ్ల దాకా మునిగి ఆగుతున్నాడో లేదో చూశాడు. "నొక్కుల లెక్క మర్చిపో. ఊపిరి, మూడు అంకెలు. అంతే" అన్నాడు. వాడు తలూపి కిందికి వెళ్లిపోయాడు.

నీళ్లమీద బుడగలు. అదొక్కటే నాకు కనపడేది. ఇన్నాళ్లూ వాడి బుడగలు ఇటోసారి అటోసారి, గుప్పుగుప్పున వచ్చేవి. ఇప్పుడు ఒకేచోట. కాసేపు వచ్చాయి, ఆగాయి. ఆగితే నా ఊపిరి ఆగింది. ఒకటి, రెండు, మూడు. మళ్లీ వచ్చాయి. చెక్కలమీద ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతుంటే ఇంజనీరు విసుక్కుని, "కూర్చోమ్మా, చెక్కలు ఊగుతున్నాయి" అన్నాడు. కూర్చుంటే కాళ్లు ఆడించాను. ఇరవై రెండు నిమిషాలు. మధ్యలో ఆగాల్సినచోట ఆగి మరీ పైకి వచ్చాడు. సిలిండర్ గేజీ చూస్తే సగానికి పైనే మిగిలింది. వీడియోలో ఇరవై చువ్వలు, పదిహేడోదానికి తుప్పు, వెనక నీళ్లు తేటగా ఉన్నాయి.

"కింద ఏమీ జరగలేదు వదినా" అన్నాడు ముసుగు తీస్తూ. "ఊరికే ఉన్నాను."

వాడి ఉద్యోగం ఖాయమైంది. నన్ను గాలికి మాత్రమే ఉంచారు. ఇకనుంచి ఎవరి సీసం వాళ్లే చూసుకుంటారు, నేను సంచుల మీద చెయ్యి వేయకూడదు. నాకు జరగాల్సిందే జరిగింది.

సాయంత్రం గేటు గదికి వెళ్లాను. సంగతంతా అప్పటికే మా ఆయనకి చేరింది. ఫోను తీసి పక్కన పెట్టేశారు.

"సిలిండర్ తేలికవడం వల్ల కాదే" అన్నారు.

"ఏది?"

"ఆ రోజు. కాలికి ఏదో తీగ చుట్టుకుంది. భయపడిపోయాను. బటన్ నొక్కి పట్టుకున్నాను, వదల్లేదు. పన్నెండేళ్ల డైవర్‌ని, భయపడ్డానని ఎలా చెప్పను? సిలిండర్ మీదికి తోసేశాను. ఆ మాట పట్టుకుని నువ్వు ఇంత చేస్తావని..."

నాలుగేళ్లు! ఆ ఒక్క మాట పట్టుకుని, పిల్లాణ్ని రెండు నెలలు ముంచి, ఇవాళ చంపబోయాను. నా లోపల ఉడికినదంతా నోట్లోకి వచ్చింది. వెళ్లి ఆయన ఎడమ పక్కన, వినపడని వైపు కూర్చున్నాను. నోటికొచ్చినట్టు తిట్టాను, ఆయన్నీ, నన్నూ, ఆ సిలిండర్‌నీ. కోపం తీరేదాకా తిట్టాను. తర్వాత లేచి, కుర్చీ కుడివైపుకి జరుపుకుని కూర్చుని, "పదండి, ఇంటికెళ్దాం. ముందు పిల్లికి మీరే చెప్పాలి ఈ సంగతి" అన్నాను.