హండా మూత మీది గాలి

యుద్ధం పుణ్యమా అని ఆ ఏడు బెంగళూరులో రాగి రేకు దొరకలేదు. రాగి మీద బొమ్మ గీసి అచ్చు తీయడం నేర్చుకునేవాళ్ళు ఎవరి రాగి వాళ్ళే తెచ్చుకోవాలన్నాడు మేష్టరు మునినారాయణప్ప. నగర్తపేట పాపక్కకు యాభై ఏళ్ళు. ఈ వయసులో ఇదేం పిచ్చి అన్నవాళ్ళ మొహం కూడా చూడకుండా, ఇంట్లో నీళ్ళ హండా రాగి మూతను చదునుగా కొట్టించి పట్టుకుపోయింది.

మూతకు మైనం పూసి, సూదితో చిలకను గీసింది. యాసిడ్‌లో ముంచితే, గీసినచోటల్లా అది రాగిని తినేసింది.

"నేను గట్టిగా గీయనే లేదే, ఎట్ల తినిందప్పా?" అంటూ తొట్టిలోకి పదిసార్లు తొంగి చూసింది.

మైనం కడిగి, సిరా పట్టించి, గీతల్లో దిగింది తప్ప మిగతాది తుడిచి, కాగితం వేసి అచ్చు తీశారు. చిలక బాగానే వచ్చింది. దాని చుట్టూ మాత్రం, గాలి సుడి తిరిగినట్టు, వందలకొద్దీ సన్నటి గీతలు.

"ఈ గాలి ఎప్పుడు గీస్తివక్కా? నేను నేర్పనే లేదు కదా!" అన్నాడు మేష్టరు.

పాపక్క ఆ సుడుల వెంట వేలు తిప్పింది. ఆ తిరుగుడు వేలికి బాగా తెలుసు.

"ముప్పై ఏండ్లుగా గీస్తానే ఉండానప్పా, దినామూ బూడిదేసి, కొబ్బరిపీచుతో తోముతా," అంది. "కాగితమేసి చూసినోళ్ళే లేరు."